గేర్ల బైక్ నేర్చుకుంటానంటే మావారు వద్దంటున్నారు, ఏం చేయమంటారు?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీకు ముప్పై ఆరేళ్లు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు, చాలా ఏళ్లుగా యాక్టివా మీదే ఆఫీసుకూ పాప స్కూలుకూ తిరుగుతున్నారు. ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హంటర్ 350 కొనుక్కుని గేర్ల బండి నేర్చుకోవాలనుంది. ఎప్పటికైనా దాని మీద అనంతపురం పుట్టింటికి వెళ్లాలనుంది. మీవారు ససేమిరా అంటున్నారు. ఆయన తమ్ముడు ఒకప్పుడు కడప దగ్గర బైక్ మీంచి పడి, కాల్లో రాడ్డు వేయించుకుని, ఏడాది మంచం మీద ఉన్నాడు. "పాప చిన్నది, ఇప్పుడెందుకీ సరదా" అంటున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి అని మీ ప్రశ్న.

నాది నెల్లూరు. బెంగళూరు వచ్చి చాలా ఏళ్లయింది, అప్పట్నుంచీ గేర్ల బండే నడుపుతున్నాను, ఆదివారాలు కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు నేర్పుతుంటాను. వాళ్లలో చాలామంది ఇదే ప్రశ్నతో వస్తారు. ఒప్పించడానికి పనికొచ్చే మాటలు నా దగ్గర లేవు. ఆయన భయపడుతున్నది ఉత్తినే కాదు. అక్కడ మొదలుపెడితేనే ఈ విషయం ఎటో ఒకవైపు తేలుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. రోడ్డు మీద టూవీలర్లే ఎక్కువ కాబట్టి వాటి వాటా పెద్దగా ఉంటుంది, నిజమే. కానీ కారులో ఉన్నవాళ్ల చుట్టూ ఇనుముంటుంది, బండి మీద మన ఒళ్లే ఉంటుంది. "జాగ్రత్తగా నడిపితే ఏమీ కాదండీ" అని మీరు ఆయనతో అంటే, తమ్ముణ్ణి ఆస్పత్రిలో చూసిన మనిషికి అది అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఆయన నమ్మరు.

అయితే ఈ లెక్కల్లో యాక్టివాలు కూడా ఉన్నాయి. ఈ సంగతి మీ ఇంట్లో ఇద్దరూ మర్చిపోయినట్టున్నారు. మీరు రోజూ సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో, మెట్రో బ్యారికేడ్ల పక్కన, వాటర్ ట్యాంకరుకూ క్యాబుకూ మధ్యన, రాంగ్ రూట్లో ఎదురొచ్చే డెలివరీ అబ్బాయిలను తప్పించుకుంటూ వస్తున్నారు. ఆ టైములో మీవారికి టెన్షన్ లేదు, ఎందుకంటే యాక్టివా అలవాటైపోయింది. యాక్టివా చక్రాలు చిన్నవి, వెనకది 10 అంగుళాలు, ముందుది మహా అయితే 12. హంటర్‌కు రెండూ 17. గుంతలో దిగినప్పుడు పెద్ద చక్రమే నిలకడగా బయటికొస్తుంది. 125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి, మీ స్కూటర్‌కు అది లేదు. ఇవి బైక్ వైపు మాటలు. రెండో వైపు కూడా మీరే చెప్పండి, ఆయన ఇంటర్నెట్‌లో వెతికి చెప్పేదాకా ఆగకండి. హంటర్ బరువు 181 కిలోలు, యాక్టివా కంటే డెబ్బై కిలోల పైనే ఎక్కువ. పికప్ రెట్టింపు దాటి ఉంటుంది. హైవే ఎక్కితే మీకు తెలియకుండానే ముల్లు తొంభై దగ్గర ఉంటుంది. యాక్టివా మీద రాని ఆశలు దాని మీద వస్తాయి.

అందుకే నా మొదటి సలహా హంటర్ గురించి కాదు. రేపటి నుంచి యాక్టివా మీద ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు వేసుకోండి. పక్క వీధిలో కొత్తిమీర తేవడానికి వెళ్లినా సరే. పాపకు కూడా దాని కొలతకు సరిపోయే హెల్మెట్ కొనండి. ఒక నెల ఇలా నడపగలిగితే మీవారు తన కళ్లతో చూస్తారు, వాదన అక్కర్లేదు. నెల తిరక్కుండానే "అబ్బా, ఈ ఎండలో ఎవరు వేసుకుంటారు" అనిపించిందా, అప్పుడు మీవారే కరెక్టు. కనీసం ఇప్పటికి.

ఇక తమ్ముడి ప్రమాదం సంగతి. ఆ రోజు ఏం జరిగిందో మీవారిని ఎప్పుడైనా పూర్తిగా అడిగారా? చాలా ఇళ్లలో ఇలాంటి సంగతి "బైక్ మీంచి పడ్డాడు" అన్న నాలుగు మాటల్లో ఉండిపోతుంది, మిగతాదంతా ఎవరి కడుపులో వాళ్లు పెట్టుకుంటారు. తీరిగ్గా అడగండి. ఎన్ని గంటలకు, ఏ రోడ్డు, హెల్మెట్ ఉందా, ఎదురుగా ఏమొచ్చింది, ఎంతసేపటికి ఎవరు ఎత్తుకెళ్లారు, ఇంటికి కబురు ఎలా వచ్చింది. అడ్డుపడకుండా వినండి. "నేనలా చేయనుగా" అని మధ్యలో అనకండి, అన్నారో ఆ సంభాషణ అక్కడితో సరి.

నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి భర్తకు ఇలాంటి భయమే ఉండేది. వాళ్ల మేనమామ బైక్ మీద పోయాడు. అడిగితే బయటికొచ్చింది ఏమిటంటే, అర్ధరాత్రి పెళ్లి నుంచి తిరిగొస్తూ టెయిల్ లైటు లేని ట్రాక్టర్ ట్రాలీని గుద్దాడు, తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. ఆ భర్తను పీడిస్తున్నది ఈ రెండో ముక్క. తన భార్య ఎక్కడో పడి ఉంటే తనకు తెలియదేమోనని. ఆ సంగతి తెలిశాక వాళ్లు పెట్టుకున్న షరతులు వేరు: చీకటి పడ్డాక హైవే లేదు, సిటీ దాటితే ఒంటరిగా వెళ్లడం లేదు, హెల్మెట్ లోపల బ్లడ్ గ్రూపూ ఇంటి నంబరూ రాసిన స్టిక్కరు. మనిషి భయం ఎక్కడుందో అక్కడే షరతు పడింది కాబట్టి ఆయన నిద్రపోగలిగాడు.

మీవారి షరతులు కూడా అలా ఆయన నోటి నుంచే రానివ్వండి. ప్రమాదాన్ని తగ్గించే షరతు ఏదైనా సరే, బేరం ఆడకుండా ఒప్పుకోండి. వానలో వద్దు, రాత్రి వద్దు, ఏడాది దాకా పాపను ఎక్కించుకోవద్దు, అన్నీ న్యాయమే. పాప విషయంలో ఆయన చెప్పకపోయినా నేను చెబుతాను, గేర్ల బండి మీద వెనక బరువుతో బ్రేకు వేయడం వేరే విద్య. "మగవాళ్లున్న గ్రూపుతో రైడ్‌కు వెళ్లొద్దు" లాంటిది వస్తే మాత్రం, అది రోడ్డు భయం కాదు, వేరే సంగతి. దాన్ని ఇందులో కలపకుండా విడిగా మాట్లాడుకోండి.

ఇంకొక్క మాట, ఆయనకు తెలిస్తే ఊరట ఇచ్చేది. దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని జనం భయపడే రోజులు చట్టం ప్రకారం పోయాయి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ అలా సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టక్కర్లేని చికిత్స పథకం కూడా ఉంది. ఇవి ప్రమాదాన్ని ఆపవు. రోడ్డు పక్కన పడి ఉండే గంటలను తగ్గిస్తాయి.

నేర్చుకోవడం దగ్గరికొద్దాం, నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది ఇక్కడే.

మీవారి దగ్గర నేర్చుకోవద్దు. అన్నయ్య దగ్గరా వద్దు. క్లచ్ దగ్గర మొదలైన గొడవ పెళ్లినాటి సంగతుల దాకా వెళ్తుంది. అంతకంటే పెద్ద కారణం కూడా ఉంది. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల జరిగిన తొమ్మిది వందల బైక్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా వెళ్లి పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ఆ ప్రమాదాల్లో ఉన్నవాళ్లలో నూటికి 92 మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. సగం మందికి పైగా ఆ బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేదు. వేరే వాహనంతో గుద్దుకున్న కేసుల్లో మూడింట రెండొంతులు తప్పు అవతలివాడిది, చాలామంది "బైక్ కనబడలేదు" అన్నవాళ్లే. పాత లెక్క, వేరే దేశం, అయినా నేను ఆదివారాలు చూసే దానికి సరిగ్గా సరిపోతుంది. తప్పు అవతలివాడిదైనా ఒళ్లు మనది. కాబట్టి నేర్చుకోవాల్సింది వాడి తప్పును ముందే పసిగట్టడం, టైముకు ఆగగలగడం.

ఆగడంలో మీలాంటి యాక్టివావాళ్లకు ఒక ప్రత్యేకమైన గండం ఉంది. స్కూటర్ మీద ఎడమ చేతిది బ్రేకు. ఏళ్ల తరబడి కుక్క అడ్డొచ్చినా ఆటో ఆగినా ముందు బిగిసేది ఎడమ చెయ్యే. గేర్ల బండి మీద ఎడమ చేతిది క్లచ్. గాభరాలో అది గట్టిగా పట్టుకున్నారంటే బండి ఆగదు సరికదా, ఇంజిన్ పట్టు కూడా వదిలేసి ముందుకు జారుతూనే ఉంటుంది. వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది, ఆ కాలు దాన్ని వెతుక్కునేలోపే పని అయిపోతుంది. ఈ అలవాటు మాటలతో పోదు. మళ్లీ మళ్లీ బ్రేకు వేయించడమొక్కటే మందు.

నేను ఎలా చేయిస్తానంటే, సైట్లు వేసి ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్‌లో, ఊడ్చినట్టున్న సిమెంటు రోడ్డు చూసుకుంటాను. వర్తూరు దాటితే, సర్జాపుర వైపు, ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. ఒక ఇటుక ముక్క పెడతాను. నలభైలో వచ్చి ఇటుక దగ్గర బ్రేకు వేయాలి. మొదటిసారి అందరూ చేసేది ఒకటే, ముందు చక్రం వైపు చూస్తారు, ఎడమ చెయ్యి బిగుస్తుంది, బండి ఇటుక దాటి ఎంతో దూరం పోతుంది. అప్పుడు చెప్తాను: చూపు దూరంగా పెట్టు, కుడి చేతి బ్రేకు ఒక్కసారి గుంజకు, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. "ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతావ్" అని మన ఊళ్లో నేర్పిన మాట పోవడానికి కొంతకాలం పడుతుంది. సైకిల్ నాటి భయం అది.

దూరాల లెక్క కాగితం మీద మీవారితో కలిసి వేసుకోండి. నలభైలో వెళ్తుంటే సెకనుకు 11 మీటర్లు. కంటికి కనబడి చెయ్యి కదిలే ఒక్క సెకనులో 11 మీటర్లు అయిపోతాయి, తర్వాత బాగా బ్రేకు వేసినా ఇంకో పది. మొత్తం 21 మీటర్లు. అరవైలో అయితే ఆ సెకనుకే 17 దాటవు, కానీ బ్రేకుకు 23 కావాలి. మొత్తం 40. వేగం సగం పెరిగితే ఆగే దూరం దాదాపు రెట్టింపైంది. ఈ లెక్క తెలిసిన మనిషి సిటీలో నలభై దాటడు. దాటినా ఎందుకు దాటుతున్నాడో తెలిసి దాటుతాడు.

మీవారిని మొదటి రోజు పిలవకండి. మొదటి రోజు బండి ఆగిపోతుంది, పక్కకు ఒరుగుతుంది, 181 కిలోల బండిని ఎలా ఎత్తాలో నేర్చుకుంటూ చెమటలు కారుస్తుంటారు. బ్రేకు చేతికొచ్చాక పిలవండి. ఇటుక దగ్గర ఆయన్నే నిలబెట్టండి.

రోడ్ల విషయంలో నా వరస చెబుతాను. మొదట ఆదివారం తెల్లవారి ఖాళీ వీధులు. తర్వాత మామూలు రోజు ట్రాఫిక్. ఆ తర్వాతే హైవే. నంది హిల్స్‌కు మాత్రం ఆదివారం పొద్దున మొదటి రైడ్‌గా వెళ్లకండి. అక్కడి వంపుల్లో మీలాంటి కొత్తవాళ్లే వందల మంది, అందులో సగం మంది వీడియో తీసుకుంటూ ఉంటారు. అనంతపురం కోరికకు మీకు దారి నేషనల్ హైవే 44. ముందు దేవనహళ్లి దాకా, తర్వాత చిక్కబళ్లాపుర, బాగేపల్లి, కొన్నాళ్లకు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగి లేపాక్షి. లేపాక్షి వెళ్లి అదే రోజు వెలుగుండగా ఇంటికి రాగలిగితే అనంతపురానికి తయారైనట్టే. హెబ్బాళ నుంచి విమానాశ్రయం దాకా కార్లు మహా వేగంగా పోతాయి, ఎడమ లేన్ వదలకండి. పల్లెల దగ్గర డివైడర్ తెగిన చోట్ల వేగం తగ్గించండి, గేదెలూ ట్రాక్టర్లూ అక్కడే దాటతాయి. వేసవిలో పడే మొదటి వాన అన్నిటికంటే చెడ్డది, నెలల తరబడి రోడ్డు మీద చేరిన ఆయిలంతా అప్పుడే పైకి తేలుతుంది. ఆ రోజు బస్సెక్కండి. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు నుంచి టూవీలర్లను రానివ్వడం లేదు, అటు వెళ్తే సర్వీస్ రోడ్డే.

సామాన్లకు జేసీ రోడ్డుకు వెళ్లండి, ఆన్‌లైన్‌లో వద్దు, హెల్మెట్ తలకు పెట్టుకుని చూసే కొనాలి. బుగ్గలు నొక్కినట్టుండాలి, పట్టీ పెట్టుకుని తల అడ్డంగా ఊపితే హెల్మెట్ విడిగా తిరగకూడదు. ఐఎస్ఐ గుర్తు చట్టప్రకారం తప్పనిసరి, ఫుట్‌పాత్ మీద అమ్మేవాటికి ఆ స్టిక్కరు కూడా దొంగదే అయి ఉండొచ్చు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి సమీక్ష ఒకటి, హెల్మెట్ వల్ల చనిపోయే ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. జాకెట్ మెష్‌ది తీసుకోండి, భుజాలకూ మోచేతులకూ వీపుకూ ప్యాడ్లున్నది. జడను జాకెట్ లోపలికి తోసెయ్యండి. చున్నీ అసలు వద్దు. గేర్ల బండికి చైను పక్కనే ఉంటుంది.

కాగితాల పని చిన్నదే కానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ లైసెన్సు తీసి చూడండి. గేర్లు లేని బండికి మాత్రమే ఇచ్చినదైతే హంటర్ నడపడానికి అది పనికిరాదు. గేర్ల బండికి మళ్లీ ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోవాలి, ముప్పై రోజులు ఆగి టెస్టుకు వెళ్లాలి. ఆ ముప్పై రోజులూ మీకు మేలే. బండిని మీ పేరునే రిజిస్టర్ చేయించండి. ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఎవరి పేరున బండి ఉంటే వాళ్లకే వర్తిస్తుంది, అదీ సరైన లైసెన్సు ఉంటేనే. లోన్ సులువని మీవారి పేరున తీసుకుంటే నడిపేది మీరు, బీమా ఆయనకు. మన ఇళ్లలో టర్మ్ పాలసీ భర్తకే ఉంటుంది, మీరూ సంపాదిస్తున్నారు కదా, మీ పేరున ఒకటి తీసుకోండి. ఈ మాట ఆయన భయానికి సూటి జవాబు కాదు, కానీ "పాప చిన్నది" అన్నదానికి సగం జవాబు.

ఫోన్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. భయమున్న మనిషి పదినిమిషాలకోసారి "ఎక్కడున్నావ్" అని ఫోన్ చేస్తాడు, ఆ రింగే ప్రమాదం. బండి మీద ఉండగా ఎత్తను, ఎత్తకపోతే నడుపుతున్నానని అర్థం, ఆగిన ప్రతిచోటా నేనే మెసేజ్ పెడతాను, ఇది ఒప్పందం. మీరు మెసేజ్ పెట్టడం ఒక్కసారి మరిచారంటే ఆయన మళ్లీ మొదటికొస్తారు, రావాలి కూడా.

వద్దని నేనే చెప్పే సందర్భాలున్నాయి. రాత్రి షిఫ్టులతో నిద్ర సరిగ్గా లేనివాళ్లకు చెప్తాను. కోపం వస్తే యాక్సిలరేటర్ మీద చూపించేవాళ్లకు చెప్తాను, వాళ్లెవరో వాళ్లకు తెలుసు. ఆయనకు చెప్పకుండా నేర్చుకుని తర్వాత సర్‌ప్రైజ్ ఇద్దామనుకునేవాళ్లకు కూడా చెప్తాను. చిన్న గీత పడ్డా దాచాలి, దెబ్బ తగిలినా దాచాలి, అలా మనసులో ఏదో పెట్టుకుని నడిపేవాళ్ల చూపు రోడ్డు మీద ఉండదు. ఇన్ని చేశాక కూడా మీవారు "నాకు నిద్ర పట్టదు, వద్దు" అంటే, అప్పుడు నిర్ణయం మీ ఇద్దరిదీ. బండి నడపడం బతుకుతెరువు కాదు, సరదా. సరదా చిన్నదని నేననను, నా బతుకులో అది చాలా పెద్దది. దాని ధర ఇంట్లో రోజూ కడుతూ ఉండాలంటే మాత్రం ఒక ఏడాది ఆగి మళ్లీ అడగడంలో నామోషీ లేదు.

మీ అత్తగారికి ఎవరు చెప్పాలని చివర్లో అడిగారు. మీరు కాదు, మీవారే. తమ్ముడి గాయం ఆవిడ కన్నకొడుకుది, ఆ మాట కొడుకు నోటి నుంచే వెళ్లాలి. అది కూడా ఆయన మనస్ఫూర్తిగా సరేనన్నాకే.

హంటర్ బుకింగ్ మాత్రం ఇప్పుడే చేయకండి. లైసెన్సు చేతికొచ్చాక అద్దె బండి తీసుకుని కొన్ని ఆదివారాలు నడపండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయే, అవే అద్దెవి, బెంగళూరులో కావలసినన్ని దొరుకుతాయి. హంటర్ సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, మీ రెండు పాదాలూ పూర్తిగా ఆనుతున్నాయో లేదో ట్రాఫిక్‌లో ఆగినప్పుడే తెలుస్తుంది. కొంటే మాత్రం రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న మోడలే తీసుకోండి, మిగిలే నాలుగు డబ్బులకు ఆశపడి ముందు చక్రానికి మాత్రమే ఉన్నది తీసుకోకండి.

యాక్టివా అమ్మకండి. కొత్తిమీరకు అదే మేలు.